తెల్లపొడిలో ఈథరు

1972, డిసెంబరు నెల, గురువారం. సాయంత్రం నాలుగు దాటాక. బొగ్గు పరీక్షల ల్యాబు, వెనకగది.

హాజరైనవారు: ల్యాబు ఇన్‌చార్జి గారు, స్టోరు గుమాస్తా, అటెండరు కొమురయ్య, నేను, ప్రయోగం చేసిన సారు. లోపలికి రమ్మన్నా రాకుండా వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది కొమురయ్య భార్య రాజవ్వ.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది. పదహారో ఏట నుంచి నాకున్న అలవాటు ఇది. ముందు తేదీ, తర్వాత ఎవరెవరున్నారు, ఆ తర్వాతే ఏం జరిగిందన్నది. ఎవరి ముందు జరిగిందో తెలియకపోతే జరిగినదాని బరువు నాకు తెలియదు.

ఆ వరుసలో సారు అని రాసుకున్నాయన పోయిన నెల కరీంనగర్‌లో కన్నుమూశారు. వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. సంతాపసభకు వెళ్లాను. మాట్లాడినవాళ్లు ఆయన చదువు గురించి, ప్రమోషన్ల గురించి, రిటైరైన సంవత్సరం గురించి చెప్పారు. అన్నీ నిజమే. దండ వేసిన ఫొటో మాత్రం నాకు ఆయనలా అనిపించలేదు. ఫొటోలో ఆయన కదలకుండా ఉన్నారు. నేను ఆయన్ని కదలకుండా ఎన్నడూ చూడలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రిపోర్టుల కింద తన పేరు ఉండాల్సిన చోట ‘ల్యాబు’ అని రాసేవారాయన. అడిగితే, “నేనొక్కన్నే చేసిన్నా? కొమురన్న నూరిండు, నువ్వు తూచినవ్, నేను చూసిన. ముగ్గురి పేర్లు పట్టవు గద” అనేవారు. ఆ పద్ధతి ఇప్పుడు నేను తప్పడం బాగుండదు.

మంథని దిక్కు మనిషి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట మా తెలుగు. తండ్రి బొగ్గుబాయిలో పంపు నడిపేవాడు. ఈ నేల కింద నుంచి వచ్చిన కూలితో చదువుకుని, యూనివర్సిటీలో ఉద్యోగం ఇస్తామన్నా ఉండకుండా తిరిగొచ్చి, గోదావరిఖనిలో మా రేకుల కప్పు ల్యాబులో కూర్చున్నారు. ఎందుకు వచ్చారని ఒకసారి అడిగాను. “బొగ్గు ఈడుంటే నేను ఆడ కూసోని ఏం జెయ్యాలె తమ్మీ?” అన్నారు.

పొడుగ్గా, సన్నగా ఉండేవారు. ఏ వస్తువునూ ముక్కు దగ్గరకు తీసుకెళ్లేవారు కాదు. అరచేతిని గిన్నె మీదుగా తన వైపు మెల్లగా ఊపుకుని, ఆ గాలిని మాత్రమే వాసన చూసేవారు. రసాయనాలతో పనిచేసేవాళ్లందరికీ నేర్పే జాగ్రత్తే అది. అయితే ఆయనకు అది ల్యాబు దాటి బజారులోకి, బంధువుల ఇళ్లలోకి పాకింది. నస్పూర్‌లో ఒక పెళ్లిలో బిర్యానీ డేగిసా మూత తీయగానే ఈయన చెయ్యి ఊపడం చూసి వంటమనిషికి కోపం వచ్చింది.

“ఏంది సాబ్, పాసిపోయిందనుకుంటున్నరా?”

“లేదు మియా, అలవాటు.”

“ఇది దవాఖాన మందు గాదు. మూతి పెట్టి తినుండ్రి!”

ఆయన నవ్వి, మళ్లీ చెయ్యి ఊపుకుని, రెండుసార్లు వడ్డించుకున్నారు.

ఇంకొక అలవాటు ఆయన మాట. ఆయన ముందు ఎవరూ ఏదీ ‘పోయింది’ అనడానికి వీల్లేదు. నేను చేరిన మొదటి వారం బొగ్గు పొడిని ఓవెనులో ఆరబెట్టి తూచి, “తేమ పోయింది సార్” అన్నాను. “ఎక్కడికి?” అన్నారు. “గాలిలోకి” అన్నాను. “ఆఁ, గట్ల చెప్పు. పోయిందంటే సగం మాట. ఎటు పోయిందో చెప్తేనే నిండు మాట.” ఇంట్లోనూ ఇదే వరస. చక్కెర అయిపోయిందని బేగం గారంటే “ఎక్కడికి పోయింది?” అని అడిగేవారట. “మీ చాయిలకు పోయింది, ఇంకెక్కడికి పోతది! లేచి తెండ్రి” అనేదట ఆమె. ఆ జవాబు తనకు చాలా నచ్చిందని ఆయనే వచ్చి మాతో చెప్పారు.

మా పని చాలామందికి తెలియదు. బాయిల నుంచి సంచుల్లో బొగ్గు వస్తుంది. నూరుతాం, జల్లిస్తాం, కాలుస్తాం, బూడిద తూస్తాం. తేమ ఎంత, బూడిద ఎంత, మండే గుణం ఎంత అని రాసి పంపుతాం. సారుకు ఇది చాలలేదు. బొగ్గులో కొంత ఆక్సిజన్ దాగి ఉంటుంది. అది ఏయే రూపాల్లో ఉందో తేల్చగలిగితే, మా బొగ్గు ఎందుకు త్వరగా వేడెక్కి రాజుకుంటుందో తెలుస్తుందని ఆయన నమ్మకం. దానికి లోహపు హైడ్రైడులు కావాలి. లోహానికి హైడ్రోజన్ అంటుకుని ఉండే పదార్థాలవి. ఎదుటి పదార్థంలోని ఆక్సిజన్ మీదకు ఊరికే దూకుతాయి. పాత ఇన్‌చార్జి గారు సంతకం పెట్టి బొంబాయి నుంచి ఒక డబ్బా తెప్పించారు. వెనకగది అలా మొదలైంది.

కొమురయ్య ఆ గదిలోకి వచ్చిన మొదటి రోజు నాకు గుర్తుంది. ఆయన అంతకుముందు బాయిలో టింబర్‌మన్. కప్పు కూలకుండా కింద కర్రలు నిలబెట్టే పని. ఒకనాడు కప్పు పెళ్ల విరిగి కాలు మీద పడింది. ఆపరేషన్ అయ్యాక కుంటుతూనే నడిచేవాడు. కిందికి దిగలేడు కాబట్టి టెంపరరీగా మా ల్యాబులో వేశారు. బాయి మనిషికి దుమ్ము కనబడితే చెయ్యి నీళ్ల మీదికి పోతుంది. పొడి బొగ్గు దుమ్ము ఎంత ప్రమాదమో వాళ్లకు చెప్పనక్కర్లేదు, తడపకుండా ఊడ్వరు. బల్ల మీద బూడిదరంగు పొడి కొంచెం ఒలికి ఉంటే ఈయన అదే మర్యాదతో చెంబు నీళ్లు ఎత్తాడు.

“ఆగు!”

సారు అరవడం నేను విన్నది ఆ ఒక్కసారే. ఒక్క అంగలో వచ్చి, కొమురయ్య చేతిలోని చెంబు లాక్కున్నారు. పారబోయడానికి చుట్టూ చూశారు. ఎక్కడ పోసినా నీళ్లే కదా. గటగటా తాగేశారు. చెంబు చివరి చుక్క దాకా తాగి, మూతి తుడుచుకుని, “ఈ గదిల నీళ్లు తాగేటందుకే కొమురన్న. పోసేటందుకు గాదు” అన్నారు.

“గంత దూప అయిందా సాబ్?” అన్నాడు కొమురయ్య భయంభయంగా.

అప్పుడు చెప్పారు. ఆ పొడికి నీరు తగిలితే హైడ్రోజన్ పొంగుతుంది, ఆ వేడికే అంటుకుంటుంది అని. మర్నాడు ఆ గదిలోంచి నీళ్ల బకెట్టు తీసేసి, బొగ్గు దుమ్ము అంటుకోకుండా బాయిలో దారుల వెంట చల్లే రాతిపొడి రెండు బస్తాలు తెప్పించి మూలన పెట్టించారు. మంట లేస్తే కప్పడానికి అదే. “మన మందు మనకాడనే ఉన్నది” అనేవారు. ఆ బస్తాలు చూపించేటప్పుడు ఆయన ముఖంలో గర్వం ఉండేది.

ఆ పొడిని కరిగించాలంటే ఈథరు కావాలి. ఈథరు మన ఒంటి వేడికంటే తక్కువ వేడికే మరిగే ద్రవం. మా ఎండాకాలంలో సీసా మూత తీస్తే అది గదిలో ఉండటానికి ఒప్పుకోదు. అందుకని తడి ఇసుకలో సగం పాతిన రంజన్ కుండలో సీసాలు పెట్టి, పైన తడి గోనె కప్పేవాడు కొమురయ్య. ఆ రంజన్ వెనకగదికి బయట, వరండా చివర ఉండేది. “పసిపోరన్ని పండవెట్టినట్టు పండవెడుతున్న” అనేవాడు. అయినా కొంత ఎగిరిపోయేది. ఎంత ఎగిరిపోయిందో సారు ఎప్పటికప్పుడు రాసి పెట్టేవారు.

ఆ ఏడాది వానాకాలం దాటాక సారు అల్యూమినియం హైడ్రైడు తయారుచేయడం మొదలుపెట్టారు. ఈథరులోనే తయారుచేసి, తర్వాత ఈథరును మరిగించి, ఆవిరిని చల్లబరిచి, వేరే సీసాలోకి పట్టుకుని, మళ్లీ వాడుకోవాలి. అడుగున తెల్లపొడి మిగలాలి. మిగిలింది. కానీ పోసినంత ఈథరు తిరిగి రాలేదు. పంపు పెట్టి గాలి గుంజినా రాలేదు. తెల్లపొడి మాత్రం ఉండాల్సిన బరువు కన్నా చాలా ఎక్కువ తూగింది. మళ్లీ చేశారు. మళ్లీ అంతే.

సారు సంబరపడ్డారు. స్టోరు గుమాస్తాకు నిద్ర పట్టలేదు. అప్పుడే కొత్త ఇన్‌చార్జి గారు బదిలీ మీద వచ్చారు. ఆయన చెడ్డమనిషి అని నేను అనను. స్టోరులో సీసాలు ఖాళీ అవుతున్నాయి, ఈథరు వెనక్కి రావడం లేదు, ఆ సీసాలకు కాపలా ఒక టెంపరరీ మనిషి. కొమురయ్య దాన్ని రంగుల దుకాణానికి అమ్ముతున్నాడని ఒకరన్నారు. తాగుతున్నాడని ఇంకొకరన్నారు.

సోమవారం పొద్దున షిఫ్టు మారే సమయంలో, దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ గేటు ముందు నుంచి పోతుండగా, ఇన్‌చార్జి గారు కొమురయ్యను బయటే ఆపారు.

“ఈథరు సంగతి తేలేదాకా నువ్వు లోపలికి రావొద్దు. దొంగతనం అని తేలితే పర్మినెంట్ మాట మర్చిపో.”

బాయివాళ్లందరూ విన్నారు. కొమురయ్యకు ఆ ఉద్యోగం తప్ప ఇంకో దారి లేదు. ఆ కాలుతో పొలం దున్నలేడు, బాయిలోకి దిగలేడు. ఇంటికి మాత్రం వెళ్లలేదు. సైరన్ నుంచి సైరన్ దాకా గేటు బయట నిలబడ్డాడు. నేను వెళ్లి “ఇంటికి పో కొమురన్న, నేను కబురు చేస్త” అంటే ఒప్పుకోలేదు.

“ఇంటికి పోతే తీసినట్టే అయితది బిడ్డా. నేను డ్యూటీకచ్చిన. వాళ్లు తీసుకోలే. గంతే.”

మధ్యాహ్నం రాజవ్వ సద్ది తెచ్చింది. గేటు ముందు నిలబడి లోపలికి వినబడేలా అంది, “ఈథరు తాగుతడంట! కల్లు ఒక ముంత తాగితేనే రెండు దినాలు లేవడు నా మొగడు. ఈథరు తాగే మొగోడా ఈయన?”

“నువ్వు ఊకో ఏ” అన్నాడు కొమురయ్య. “ఇజ్జత్ తీస్తున్నవా, కాపాడుతున్నవా?”

సారు ఇన్‌చార్జి గారి గదికి వెళ్లారు. నేను వెనకే ఉన్నాను.

“ఈథరు పోయింది” అన్నారు ఇన్‌చార్జి గారు.

“ఎక్కడికి?” అన్నారు సారు. అలవాటుగా అన్న మాటే.

ఇన్‌చార్జి గారి ముఖం ఎర్రబడింది. “అది నేను మిమ్మల్ని అడగాలి!”

“అడగండ్రి సార్. అదే అడగండ్రి. తెల్లపొడిల ఉన్నది.”

“నేనూ కెమిస్ట్రీ చదివానండీ. ఒంటి వేడికే మరిగిపోయే ద్రవం. మీరు వేడి చేశారు. పంపు పెట్టి గుంజారు. ఎండిన పొడిలో అది ఎలా ఉంటుంది? తడి కూడా లేదే!”

“మంచి ప్రశ్న సార్” అన్నారు సారు. మనస్ఫూర్తిగానే అన్నారు. “గురువారం సాయంత్రం దాకా ఆగుండ్రి. ఆ ఈథరును పొడిల నుంచి బయటికి పిలుస్త. కానీ కొమురన్న గదిల ఉండాలె. ఆయన లేకుంటే ప్రయోగం లేదు.”

ఇన్‌చార్జి గారు ఆలోచించి ఒప్పుకున్నారు. రాకపోతే? అని నేను బయటికి వచ్చాక అడిగాను. సారు చేతులు ఊరికే ఉండలేక కిటికీ చువ్వను తుడుస్తున్నాయి. “రాకుంటే కొమురన్న బతుకు పోతది” అన్నారు. మొదటిసారి ఆయన నోట ఆ మాట, ఎటు అన్నది లేకుండా విన్నాను.

గురువారం గదిలో అందరం చేరాం. రాజవ్వ వరండాలోనే ఉంది. కుర్చీ వేస్తానంటే “వద్దు బిడ్డా, నాకు గా గది అంటే బయం” అంది.

సారు బల్ల దగ్గర నిలబడి, ఇన్‌చార్జి గారి వైపు కాకుండా కొమురయ్య వైపు తిరిగారు.

“కొమురన్న, కప్పు కింద కర్ర ఎప్పుడు పెడుతరు?”

“కప్పు కింద కాళీ ఉంటే పెడుతం సాబ్.”

సారు ఎడమచేతి మూడు వేళ్లు చాపారు. “ఇది అల్యూమినియం. మూడు దిక్కుల మూడు హైడ్రోజన్లు పట్టుకున్నది. నాలుగో దిక్కు కాళీ. ఆ కాళీ ఊకె ఉండది, ఏదో ఒకటి ఆనుకోవాలె. ఇంకేం దొరకకుంటే పక్కనున్న ఇంకో హైడ్రైడు మీదనే ఒరుగుతది. అదింకొకదాని మీద ఒరుగుతది. అన్ని ముద్ద అయి, దేంట్ల కరగని రాయి లెక్క అయితయ్.”

“కూలిన కప్పు లెక్క.”

“ఆఁ. ఇగ ఈథరు. దాని నడుమ ఆక్సిజన్ ఉన్నది. దాని దగ్గర రెండు జంటల ఎలక్ట్రాన్లు ఖర్చు గాకుండ ఉన్నయ్. ఒక జంటను తెచ్చి గా కాళీల ఆనిస్తది. ఇచ్చేది గాదు, తన చేతిల పట్టుకునే ఆనిస్తది. హైడ్రోజన్లు శానా చిన్నయి, అడ్డం రావు. కర్ర పట్టేంత జాగ ఉంటది. కప్పు నిలవడ్డది, కర్ర బిగిసింది.”

కొమురయ్య వరండా చివరి రంజన్ వైపు చెయ్యి చూపించాడు. “సాబ్, మూత తీస్తే ఎగిరిపోయే నీళ్లు గవి. గవి కర్ర ఎట్లయితయ్? ఒట్టిగ చెప్తున్నరా?”

స్టోరు గుమాస్తా నవ్వాడు. ఇన్‌చార్జి గారు నవ్వలేదు. “నా ప్రశ్నా అదే” అన్నారు.

“సీసల ఉన్నప్పుడు అది ఎవ్వరికి ఆనలే, అందుకే ఎగిరిపోతది. ఆనినంక సంగతి వేరే. యార్డుల పడున్న కర్రను పోరగాడు గూడ లేపుతడు. కప్పు కింద బిగిసిన కర్రను నువ్వు ఒక్కనివి గుంజుతవా?”

కొమురయ్య చెయ్యి తన కాలి మీదికి వెళ్లింది. “గుంజద్దు సాబ్. గుంజితే కప్పు కూలుతది.”

“ఇది గూడ గంతే. మరీ వేడి పెట్టి ఈథరును గుంజినమనుకో, ఈథరుతోని పాటు మొత్తం కూలుతది. హైడ్రోజన్ ఒక దిక్కు, అల్యూమినియం ఒక దిక్కు. మన చేతికి హైడ్రైడు మిగలది. అందుకే నేను గంత వేడి పెట్టి గుంజలే.”

“అన్ని ద్రవాలూ ఇలా ఆనుతాయా?” అన్నారు ఇన్‌చార్జి గారు. గొంతులో కోపం కొంచెం తగ్గింది.

“ఆనవు సార్. కిరసనాయిలుల ఆక్సిజన్ లేదు, ఆనిచ్చేటందుకు దాని దగ్గర జంట లేదు. ఈథరు కన్న గట్టిగ ఆనేవి ఉన్నయ్, టీహెచ్ఎఫ్ అని. ఈథరుకు రెండు దిక్కుల రెండు తోకలు ఊగుతుంటయ్, కొద్దిగ అడ్డమొస్తయ్. టీహెచ్ఎఫ్‌ల గా తోకలను వెనకకు ఉంగరం లెక్క కట్టేసినట్టు ఉంటది. ముందుకు జరిగి ఇంకా దగ్గర ఆనుతది.”

ఆ తర్వాత పని మొదలైంది. ముందు, నీటి తడి లేకుండా శుద్ధి చేసిన కిరసనాయిలు మాత్రమే గాజు కుప్పెలో పోసి, వేడి నూనె గిన్నెలో పెట్టారు. దాంట్లో ముందే ఈథరు కలపలేదని చూపడానికి. స్టోరు గుమాస్తా చూశాడు. ఆవిరిని చల్లబరిచి పట్టే సీసాలోకి ఒక్క చుక్క దిగలేదు, వాసన లేదు. దాన్ని చల్లార్చి, తెల్లపొడి అందులో వేశారు. ఐసు ఫ్యాక్టరీ నుంచి పొట్టులో చుట్టి తెచ్చిన ఐసు ముక్కల మధ్య కుప్పె నిలిపారు. కిటికీలోంచి బయటి వరండాలోకి రబ్బరు గొట్టం పెట్టారు. రాతిపొడి బస్తా మూతి విప్పి కొమురయ్య చేతికి చేట ఇచ్చారు. అప్పుడు, ఆ గదిలో ఎన్నడూ చేయనిది చేశారు. పై నుంచి నీళ్లు వదలడం మొదలుపెట్టారు. చుక్క. ఆగడం. మళ్లీ చుక్క. ఆ పని ఇంకెవరు చేసినా నేను ఆ గదిలో నిలబడేవాణ్ని కాదు.

ప్రతి చుక్కకూ పొడి బుసబుసమంది. గొట్టంలోంచి హైడ్రోజన్ బయటికి పోయింది. సారు మెల్లగా చెబుతూనే ఉన్నారు. నీళ్లు హైడ్రోజన్లను తరిమేస్తాయి, నీళ్లలోని ఆక్సిజన్ అల్యూమినియాన్ని శాశ్వతంగా పట్టుకుంటుంది, ఇక కర్రకు అక్కడ పని లేదు.

బుసలు ఆగాయి. ఐసు తీసి కుప్పె కింద గోరువెచ్చని నూనె పెట్టారు. ఆవిరి పోయే గొట్టం చివర చల్లటి సీసా ఉంది. అందరం దాన్నే చూస్తున్నాం. ఏమీ రాలేదు. ఇన్‌చార్జి గారు గడియారం చూసుకున్నారు.

“వాసనే లేదు కదండీ” అన్నాడు గుమాస్తా.

సారు నుదుటి మీద చెమట. నూనె గిన్నెను కొద్దిగా పైకి జరిపారు. కొమురయ్య చేటను రెండు చేతులతో పట్టుకుని, సీసాను కాకుండా సారు ముఖాన్నే చూస్తున్నాడు.

అప్పుడు వరండాలోంచి రాజవ్వ గొంతు వినబడింది. రబ్బరు గొట్టం మూతి ఆమె దగ్గరే ఉంది.

“అయ్యో, గిదేంది! గిది దవాఖాన వాసన! ఈయన కాలు కోసిననాడు మూతికి గుడ్డ పెట్టిన్రు సూడు, గా వాసన!”

సీసాలో మొదటి చుక్క పడింది. వెనకే ఇంకొకటి. ఆ తర్వాత సన్నటి ధారలా వచ్చింది.

ఇన్‌చార్జి గారు వంగి సీసా మూతికి ముక్కు ఆనించబోయారు. సారు చెయ్యి అడ్డం పెట్టారు. “చెయ్యితోటి సార్.” ఆయన కూడా అరచెయ్యి ఊపుకుని వాసన చూశారు. తర్వాత సీసాను బల్బు వైపు ఎత్తి, కదిలించి, థర్మామీటరు చూసి, ఒక చుక్క వేలి మీద వేసుకున్నారు. అది చల్లగా తగిలి మాయమైంది. “ఈథరే” అన్నారు.

“మొత్తం రాలే సార్” అన్నారు సారు. “కొంత ఎండలకు పోయింది. అది నా లెక్కల ఉన్నది. నా కాతాల రాసుకోండ్రి, కొమురన్న కాతాల గాదు.”

ఆ మాట అననక్కర్లేదు. గెలిచిన క్షణంలో ఆయన దాన్ని అన్నారు. యాభై ఏళ్లుగా నేను ఆ ల్యాబు మనిషినని తల ఎత్తుకుని చెప్పుకోవడానికి ఆ ఒక్క మాట చాలు.

ఇన్‌చార్జి గారు చేతి రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. తలుపు దగ్గర ఆగి, “సరే, రేపటి నుంచి రమ్మనండి అతన్ని” అన్నారు.

“నేను అన సార్” అన్నారు సారు. గొంతు పెంచలేదు. “రావద్దని నేను అనలే. మీరన్నరు. గేటు కాడ, షిఫ్టు మారంగ, బాయోళ్లందరు ఇనంగ అన్నరు. రమ్మనేది గూడ గక్కడ్నే, గాళ్ల ముందట్నే అనాలె.”

ఇన్‌చార్జి గారు వెళ్లిపోయారు. గుమాస్తా వెంట వెళ్లాడు. కొమురయ్య చేట కింద పెట్టి, “ఎందుకు సాబ్, అయిపోయింది గద, సప్పుడు జెయ్యకుండ అస్త” అన్నాడు.

“సప్పుడు జెయ్యకుండ వద్దు కొమురన్న” అన్నారు సారు. “రేపు గూడ గేటు బయట్నే నిలవడు.”

మర్నాడు, శుక్రవారం ఉదయం, మొదటి షిఫ్టు సైరన్ మోగింది. రాత్రి షిఫ్టువాళ్లు నల్లటి ముఖాలతో పైకి వస్తున్నారు, పొద్దు షిఫ్టువాళ్లు దీపాలు నడుముకు కట్టుకుని దిగడానికి పోతున్నారు. గేటు బయట కొమురయ్య నిలబడ్డాడు. లోపల సారు కడిగిన కుప్పెనే మళ్లీ మళ్లీ తుడుస్తున్నారు, కిటికీ వైపు చూడటం లేదు. నేను చూస్తున్నాను.

ఇన్‌చార్జి గారి స్కూటరు వచ్చింది. రోజూ గేటు దాటి నేరుగా షెడ్డులోకి వెళ్లేది. ఆ రోజు గేటు దగ్గరే ఆగింది. ఆయన దిగి, స్టాండు వేసి, గొంతు సవరించుకున్నారు.

“కొమురయ్యా, ఈథరు నువ్వు తీయలేదు. సోమవారం నేనన్న మాట తప్పు. లోపలికి రా.”

నడిచేవాళ్లు ఆగారు. వాళ్లలోంచి ఎవరో అరిచారు. “పోరా కొమురిగ, పెండ్లికొడుకును పిలిచినట్టు పిలుస్తున్నరు!” నల్లటి ముఖాల్లో పళ్లు తెల్లగా మెరిశాయి.

కొమురయ్య కదలలేదు.

“అస్త సార్” అన్నాడు. “జర ఆగుండ్రి. నాలుగు దినాల సంది నిలవడ్డ గద, కాలు తిమ్మిరెక్కింది.”

గేటు పక్క మోరీ కాలువ గట్టు మీద కూర్చుని, ప్యాంటు పైకి మడిచి, నిదానంగా కాలు రుద్దుకోసాగాడు. ఇన్‌చార్జి గారు గేటు తలుపు ఒక చేత్తో తెరిచి పట్టుకుని నిలబడ్డారు.

లోపల పొద్దుటి శాంపిళ్లు వరుసగా ఉన్నాయి. ఆలస్యమవుతోందని నేను ఫర్నేసు స్విచ్చి వేయబోయాను. సారు నా మణికట్టు పట్టుకున్నారు.

“ఉండనియ్యి తమ్మీ. అది కొమురన్న డ్యూటీ.”

ఫర్నేసు చల్లగానే ఉంది. గేటు దగ్గర ఇన్‌చార్జి గారు, గదిలో మేమిద్దరం, రోడ్డు మీద రెండు షిఫ్టుల మనుషులు, ఆ తిమ్మిరి దిగేదాకా అందరం ఆగాం.